రెండో ‘ఎం’ ఎవరిది? మా ఇంటి జీపు తారీఖ్



మహీంద్రా అండ్ మహీంద్రా కంపెనీ పేరు వినని ఇల్లు మన దగ్గర ఉండదు. ట్రాక్టరో, జీపో, ట్రాలీ ఆటోనో, ఏదో ఒకటి ప్రతి ఊర్లో ఉంటుంది. అయితే ఆ కంపెనీ పుట్టిన రోజు దాని పేరు ఇది కాదు. మహీంద్రా అండ్ మొహమ్మద్. రెండో ‘ఎం’ మొహమ్మద్‌ది.

ఈ సంగతి నేను మొదట విన్నది ఏ పుస్తకంలోనో కాదు, మా జీపు కింద పడుకొని గేర్‌బాక్స్ బోల్టులు విప్పుతున్న ఉస్తాద్ నోట. “సాబ్, యే కంపెనీ మే అప్నా భీ నామ్ థా” అన్నాడు, చేతిలో పానా తిప్పుతూ. నేను నవ్వి ఊరుకున్నాను. గ్యారేజీల్లో ఇలాంటి ముచ్చట్లు చాలా నడుస్తాయి కదా! ఇంటికొచ్చి చదివితే ఉస్తాద్ మాట నూటికి నూరు పాళ్లు నిజమని తేలింది. ఆ రోజు నుంచి మా జీపును నేను చూసే చూపు మారింది. అందుకే ఇది రాస్తున్నాను.

1945 అక్టోబర్ 2న పంజాబ్‌లోని లూధియానాలో ముగ్గురు కలిసి ఒక ఉక్కు వ్యాపార కంపెనీ పెట్టారు. ఇద్దరు అన్నదమ్ములు: జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా. మూడో ఆయన మాలిక్ గులామ్ ముహమ్మద్. జె.సి. మహీంద్రా టాటా స్టీల్‌లో పనిచేసి, రెండో జంగ్ రోజుల్లో దేశానికి స్టీల్ కంట్రోలర్‌గా ఉన్నారు. కె.సి. మహీంద్రా అదే జంగ్ రోజుల్లో అమెరికాలో ఇండియా సప్లై మిషన్ పని చూశారు. గులామ్ ముహమ్మద్ లాహోర్ మనిషి. అలీగఢ్‌లో చదివారు, రైల్వే లెక్కల శాఖలో నౌకరీ చేశారు. మనకు దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. ఆయన కొన్నాళ్లు హైదరాబాద్‌లో నిజాం సర్కారు ఆర్థిక వ్యవహారాలు కూడా చూశారు.

రెండేళ్లు తిరగక ముందే బట్వారా వచ్చింది. గులామ్ ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. తర్వాత 1951 నుంచి 1955 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అప్పటికే ‘ఎం అండ్ ఎం’ అని కాగితాలన్నీ అచ్చు వేయించి పెట్టుకున్నారనీ, అవి దండగ కాకుండా ఆ అక్షరాలే ఉండేలా పేరు మార్చుకున్నారనీ చెబుతారు. కాగితాలు మిగిలాయి, అక్షరం మిగిలింది. ఆ అక్షరం వెనకున్న మనిషి మాత్రం సరిహద్దు దాటాడు.

బట్వారా అంటే మనకు రైళ్లు, కాఫిలాలు, ఖూన్ యాదికొస్తాయి. ఒక దుకాణం బోర్డు మీద ఒక పేరు తుడిచి ఇంకో పేరు రాయడం కూడా బట్వారానే. మన ఖాందాన్లలో ఎవరో ఒకరు కరాచీకి పోయి, రేషన్ కార్డులోంచి, ఈద్ దస్తర్‌ఖాన్ మీదినుంచి మెల్లగా మాయమైపోయినట్టే ఇదీ జరిగింది.

ఇక జీపు సంగతి.

1940లో అమెరికా ఫౌజు తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కంపెనీలను అడిగింది. నమూనా బండి ఇవ్వడానికి పెట్టిన గడువు 49 రోజులు. బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే ఆ గడువులో బండి తెచ్చి పెట్టింది. అంత చిన్న కంపెనీ జంగ్‌కు సరిపడా బండ్లు చేయలేదని విల్లీస్‌కూ, ఫోర్డ్‌కూ కూడా పని ఇచ్చారు. జంగ్ ముగిసేసరికి ఆ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మొదట దారి చూపిన బ్యాంటమ్ పేరు ఈరోజు ఎవరికి యాదుంది? తారీఖ్‌లో పేర్లు ఇలా కూడా పోతాయి.

అమెరికాలో ఉన్నప్పుడే కె.సి. మహీంద్రా విల్లీస్ కంపెనీ ఇంజనీర్ బార్నీ రూస్‌ను కలిశారు. మన రోడ్లకు ఈ బండి సరిపోతుందని ఆయనకు తోచింది. 1940ల చివర్లో జీపు విడిభాగాలను ఓడల్లో బొంబాయికి తెప్పించి మజ్గావ్‌లో బిగించడం మొదలైంది. ఆ తర్వాత వచ్చినదే మన దేశం నిండా తిరిగిన సీజే-3బీ. తహసీల్దారు, ఫారెస్టు ఆఫీసరు, మలేరియా డాక్టరు, పోలీసులు, అందరిదీ అదే బండి. దాని బానెట్ మిగతా జీపుల కంటే ఎత్తుగా ఉంటుంది. అది షోకు కోసం కాదు. దానిలోని ‘హరికేన్’ పెట్రోలు ఇంజన్ పాత ఇంజన్ కంటే పొడుగు. ఇంటేక్ వాల్వులను హెడ్‌లోకి ఎక్కించారు, ఎగ్జాస్ట్ వాల్వులను కింద బ్లాకులోనే ఉంచారు. పాత బానెట్ కింద ఆ ఇంజన్ పట్టక, మూతను పైకి లేపారు. అమెరికాలో ఈ మోడల్ 1968లోనే ఆగిపోయింది. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది.

మా జీపు 1964 మోడల్. సర్కారు ఆఫీసు జీపుగా పుట్టి, 1972లో వేలానికి వచ్చింది. మా దాదా పాలమూరు జిల్లాలో చెరువు కట్టల గుత్త పనులు చేసేవారు. వేలంలో కొని ఇంటికి తెచ్చిన రోజు దాదీ నజర్ తీసి, ముందు బంపరుకు నల్ల దారం కట్టిందట. ఊర్లో అందరూ ‘సాయిబు జీపు’ అనేవారు. పురుడు కష్టమైన ఆడవాళ్లు, పాము కరిచినవాళ్లు, చివరికి ఊరి జాతరకు వచ్చిన హరికథ దాసు కూడా అందులో ఎక్కినవాళ్లే. కిరాయి అడిగే ఖాందాన్ కాదు మాది అని దాదా గొప్పగా అనేవారట.

దాదా ఇంతెఖాల్ తర్వాత లెక్కలు చూస్తే ఇంట్లో మిగిలింది అప్పూ, జీపూ. 1973 తర్వాత పెట్రోలు ధర పెరుగుతూనే పోయింది. మా అబ్బా 1981లో హరికేన్ ఇంజన్ పీకించి, ట్రాక్టర్లలో వాడే ఇంటర్నేషనల్ డీజిల్ ఇంజన్ పెట్టించారు. ఆ రోజుల్లో అలా చేసినవాళ్లు మన జిల్లాలోనే ఎందరో. పెట్రోలు ఇంజన్‌ను తూకానికి అమ్మేశారు. ఆ మరుసటి వారం నుంచి జీపు నారాయణపేట, మక్తల్ మధ్య సవారీ బండి అయింది. లోపల పది మంది, వెనక వేలాడుతూ నలుగురు, బానెట్ మీద ఇద్దరు. కిరాయి అడగని ఖాందాన్, మనిషికింత అని కిరాయి అడిగింది. ఆ డీజిల్ ఇంజన్ సంపాదనతోనే మా ఆపా నికాహ్ జరిగింది. నా ఇంటర్మీడియట్ ఫీజూ దాని మీదే కట్టారు. బస్సులూ ఆటోలూ పెరిగాక, 1998లో అబ్బా దాన్ని వేపచెట్టు కింద నిలబెట్టారు. అక్కడే ఇరవై రెండేళ్లు ఉండిపోయింది.

కోవిడ్ సంవత్సరం తర్వాత ఒక కబాడీ అతను వచ్చి మంచి ధర చెప్పాడు. అబ్బా ‘ఇచ్చెయ్’ అన్నారు. నేను ‘నక్కో’ అన్నాను. అలా మొదలైంది.

పాత జీపు బాగు చేయాలనుకునే తమ్ముళ్లకు నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పాలి. చాలామంది పెయింటుతో మొదలుపెడతారు. పెయింటు ఆఖరి పని. మొదట బాడీ లేపి చాసిస్ చూడాలి. కమాన్ పట్టీలు బిగించే కొక్కేల దగ్గర, ముందు అడ్డకమ్మీ దగ్గర సన్నని బీటలు ఉంటాయి. తుప్పూ, గ్రీజూ గీకితే గానీ కనబడవు. మా జీపులో మూడు దొరికాయి. ట్రాక్టర్ ఇంజన్ బరువుకు ముందు కమాన్లు కూడా చదునైపోయాయి. బీటలు వెల్డింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, కమాన్లు విప్పి మళ్లీ వంపు తీయించాం.

తర్వాత నేల రేకు. పైన బాగానే కనబడుతుంది, కానీ కింద టోపీ ఆకారంలో పట్టీలు ఉంటాయి. నీళ్లు, బురద వాటిలోనే చిక్కుకొని లోపలి నుంచి తింటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగితే ఆ రేకు పనికిరాదు. పుట్టీ పెట్టి మూసేసే మేస్త్రీని నమ్మొద్దు. ఒక వానాకాలం గడిస్తే అసలు రంగు బయటపడుతుంది.

బోల్టుల సంగతి మరీ ముఖ్యం. ఈ బండి పుట్టుక అమెరికాది, మరలు అంగుళాల లెక్క. మిల్లీమీటరు బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగిసినట్టే ఉంటుంది, తర్వాత లోపలి మరను తినేస్తుంది. అంగుళాల పానాల సెట్టు కొనకుండా పని మొదలుపెట్టకండి. నేను అంగుళాల బోల్టుల కోసం నాలుగు వారాలు జుమ్మేరాత్ బజార్ తిరిగాను, రాణిగంజ్ దుకాణాలు గాలించాను. ఒక్కొక్క బోల్టు దొరికినప్పుడు కలిగిన ఖుషీ, కొత్త ఫోన్ కొన్నప్పుడు కూడా కలగలేదు.

ముందు చక్రాలు స్పీడులో ఊగుతుంటే అందరూ స్టీరింగ్ బాక్స్ మార్చమంటారు. ముందు కింగ్‌పిన్ బేరింగ్‌లు, బెల్‌క్రాంక్ చూడండి. మాది కింగ్‌పిన్లే. బేరింగ్‌లు మార్చి, పల్చటి రేకు షిమ్‌లతో బిగువు సరిచేస్తే ఊపు పోయింది. చక్రాల దగ్గరి పెద్ద గుండు లోపల నీరూ, బురదా కలిసిన నల్లటి ముద్ద ఉంది. ఒకప్పుడు అది గ్రీజే. సీల్ పోయిన బండిని చెరువులో దింపితే జరిగేది ఇదే.

గేర్‌బాక్స్ వెనకే నాలుగు చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. పక్కన రెండు చిన్న లివర్లు. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది. రెండోది లో గేర్, చక్రాల బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. ఈ రెండు పెట్టెల మధ్య సీల్ అరిగితే ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లోకి పోతుంది. ఒకటి ఎండిపోతుంది, ఇంకోటి పొంగుతుంది. అందుకే రెండింటి మట్టమూ వేరువేరుగా చూడాలి. ఆయిల్ 90 నంబరులో జీఎల్-4 పోయండి. జీఎల్-5 రకంలోని మందులు కొన్ని లోపలి ఇత్తడి రింగులకు పడవు.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ బండిలో ఆ తేడా సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు. బురదలో, ఇసుకలో చక్రం కొంచెం జారి తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలిక అంతా షాఫ్టుల మీద పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ వీడియో కోసం ఫోర్ వీల్ వేసి ఫ్లైఓవర్ మీద మలుపులు తిప్పి, షాఫ్టు విరగ్గొట్టుకున్న పిల్లలను మా ఉస్తాద్ దగ్గరే చూశాను.

బ్రేకులకు ఒకటే హైడ్రాలిక్ లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. పాత వీల్ సిలిండర్లు తోమి వాడకండి. కొత్తవి వేయండి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి.

ఈ పనులన్నీ చేసిన ఉస్తాద్‌కు డెబ్బై ఏళ్లు. అతని వాలిద్, వాలిద్ వాలిద్ కూడా ఇదే పని. హైదరాబాద్‌లో మనవాళ్లు ఇంత మంది మెకానిక్‌లు ఎలా అయ్యారని అడిగాను. “బస్ డిపో సే షురూ హువా” అన్నాడు. వాళ్ల తాత నిజాం రోడ్ ట్రాన్స్‌పోర్ట్ వర్క్‌షాపులో పనిచేశాడట. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్ ట్రాన్స్‌పోర్ట్ శాఖ మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి అదే పునాది. 1948 తర్వాత నిజాం ఫౌజు రద్దయి వేలమంది నౌకరీలు పోయాయి. ఉస్తాద్ వాళ్ల చచ్చా కూడా అందులో ఒకడు. వర్దీ తీసేసి అన్న దగ్గర పానా పట్టుకున్నాడు. హునర్‌కు కాగితం అక్కర్లేదు బేటా, చేతిలో ఉంటే చాలు అని అతను ఎప్పుడూ అనేవాడట. ఉస్తాద్ కొడుకు మాత్రం మాధాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అల్‌హందులిల్లాహ్, మంచిదే. అయితే చెవి ఆనించి ఇంజన్ వినే ఆ ఇల్మ్ ఎవరికి పోతుంది?

అన్ని పనులూ అయ్యాక అసలు సవాల్ మిగిలింది. ఇంజన్.

2021లో కేంద్ర సర్కారు పాత బండ్లకు కొత్త నియమం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న బండిని ‘వింటేజ్’గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు వస్తుంది. మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత 5,000. కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే తీయాలి. మా జీపుకు వయసు ఉంది. రూపం ఉంది. లేనిది హరికేన్ ఇంజన్ ఒక్కటే. ఉస్తాద్ వెతికి ఒకటి పట్టాడు కూడా. బయానా ఇవ్వడానికి డబ్బు తీశాను.

ఆ రాత్రి అబ్బాకు చెప్పాను. ఎనభైకి దగ్గరి మనిషి. చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరుకున్నారు. తర్వాత అన్నారు: “మీ దాదా ఇంజన్ పెట్టుకుంటవ్. మంచిదే. మరి నా ఇంజన్ ఏం చేస్తవ్? తూకానికి ఇస్తవా?”

నా దగ్గర జవాబు లేదు. అబ్బా దాదా ఇంజన్‌ను తూకానికి ఇచ్చిన రోజు ఇంట్లో పిండి లేదని నాకు తెలుసు. ఆయన నలభై ఏళ్లుగా దానికి సిగ్గు పడుతూనే ఉన్నారని మాత్రం తెలియదు. కిరాయి అడగని దాదా కథ మా ఇంట్లో ప్రతి ఈద్‌కూ చెప్పుకున్నాం. కిరాయి అడిగి మమ్మల్ని పెంచిన అబ్బా కథ ఎవరూ చెప్పలేదు. నేను అసలు రూపం అంటున్నది 1964. అబ్బా దృష్టిలో జీపు అసలు బతికింది 1981 నుంచి 1998 దాకా. ఒక బండిని ఏ సంవత్సరానికి బాగు చేయాలి? ఎవరి హిస్సా ఉంచి, ఎవరి హిస్సా తుడవాలి? అప్పుడు నాకు ఆ రెండో ‘ఎం’ యాదికొచ్చింది. పేరు తుడిచేవాడికి ఎప్పుడూ ఏదో ఒక కారణం ఉంటుంది.

ఇక్కడ ఇంకొక ముచ్చట చెప్పాలి. 1942లో హైదరాబాద్ సంస్థానంలో సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి ఒక కార్ఖానా పెట్టాయి. దాని పేరు ఆల్విన్. మన ఇళ్లలోని ఫ్రిజ్, మన చేతి గడియారం, మనం ఎక్కిన డబుల్ డెక్కర్ బస్సు బాడీ, అన్నీ ఆల్విన్‌వే. తర్వాత జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న లారీలు చేశారు. 1989లో దాన్ని తీసుకున్నది ఎవరు? మహీంద్రా. ఈరోజు జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అంటే లూధియానాలో ఒక ముహమ్మద్, హైదరాబాద్‌లో ఒక అల్లావుద్దీన్, ఇద్దరూ ఒకే కంపెనీ పునాదుల్లో ఉన్నారు, బోర్డు మీద మాత్రం లేరు. దీనికి ఎవరి మీదా గుస్సా పడనక్కర్లేదు. ఒకాయన తన ఇష్టంతో వెళ్లాడు, ఇంకోటి వ్యాపారంలో అమ్ముడైంది. మన పిల్లలకు చెప్పడం మాత్రం మన పనే. ఈ దేశపు ఉక్కులో, చక్రాల్లో మన వాళ్ల మెహనత్ ఎంత ఉందో మనమే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

బయానా ఇవ్వలేదు. డీజిల్ ఇంజన్‌నే దింపి, సిలిండర్లు బోర్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, ఇంజెక్టర్లు సరిచేయించి మళ్లీ ఎక్కించాం. ఇంజన్ మార్పు 1981లోనే ఆర్సీలో ఎక్కించి ఉండటం అబ్బా చేసిన తెలివైన పని. లేకపోతే ఆర్టీవో ఆఫీసులో ఇంకో ఏడాది తిరిగేవాణ్ణి. దాదా పేరు మీదున్న ఆర్సీని వారసత్వం కాగితాలతో అబ్బా పేరుకు మార్పించాం. ‘వీఏ’ నంబరు మాకు రాదు. ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి తిప్పుకోవాలి. ప్రదర్శనలో కప్పు కూడా రాదు. ఒక కలెక్టర్ భాయ్ చూసి, “అంతా బాగుంది గానీ ఇంజన్ ఖరాబు చేశారు” అన్నాడు. చాయ్ తాగించి పంపాను.

పోయిన రంజాన్ ఈద్ నాడు అబ్బాను ముందు సీట్లో కూర్చోబెట్టి ఈద్‌గాహ్‌కు తీసుకెళ్లాను. ఆయన చెవులు సరిగా వినబడవు. అయినా మూడో గేరు వేయబోతుంటే నా చేతి మీద తట్టి, “ఆగు, ఇంకా ఎత్తలేదు” అన్నారు. కాలి కింద రేకు అదురు చూసి చెప్పారు. నిజమే, ఇంకా ఎత్తలేదు.

మీ ఇంట్లో కూడా వేపచెట్టు కింద జీపో, లాంబ్రెట్టానో, దాదీ కుట్టు మిషనో ఉండి ఉంటుంది. కబాడీకి ఇచ్చే ముందు దాన్ని ఎవరు ఎందుకు కొన్నారో, ఎవరు దేని కోసం మార్చారో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. ఇనుము మనకు దొరికిన అమానత్. దాంతోపాటు వచ్చిన పేర్లు కూడా అమానతే.